సంబరం మీద కాదు.. వడ్డీ మీద పడాలి కత్తెర

నెలాఖరు వచ్చిందంటే ఇంట్లో ఒక మాట తప్పకుండా వినపడుతుంది. ‘ఈ నెల నుంచైనా ఖర్చు తగ్గించాలప్పా’. బళ్లారిలో అయినా, సిరుగుప్పలో అయినా, హోస్పేటలో అయినా ఇదే మాట. తెలుగిల్లు, కన్నడిల్లు అన్న తేడా లేదు. మాట మంచిదే. ఆ తర్వాత జరిగేదే బాగుండదు. మొదట ఆగిపోయేది నెలకోసారి చూసే సినిమా. తర్వాత సాయంత్రం పూట వగ్గాని, మిరపకాయ బజ్జీ. ఆపైన ఇంటావిడ మూర మల్లెపూలు. చివరికి అరుగు మీద కూర్చుని పెద్దాయన చదువుకునే పేపరు. పది రోజులు ఇల్లంతా మూతి ముడుచుకుని ఉంటుంది. పదకొండో రోజు ఎవరో ఒకరు ‘ఇంత మాత్రానికి సంపాదించడం దేనికి?’ అని విసుక్కుంటారు. పొదుపు అక్కడితో సరి.

ఇలా ఎందుకవుతోంది? మనకు పొదుపు చేయడం చేతకాక కాదు. కత్తెర తప్పు చోట పెడుతున్నాం. ఇంట్లో ఎవరికీ ఆనందం ఇవ్వని ఖర్చు ఒకటుంది. దాన్ని ముట్టుకోం. నలుగురూ నవ్వుకునే చిన్న ఖర్చు మీద మాత్రం పడతాం.

ఒక ఇంటి లెక్క

ఊహించి ఒక ఇంటి లెక్క వేద్దాం. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు, ఇంటాయన తండ్రి. ఐదుగురు. ఆయన జీన్స్ యూనిట్‌లో పనిచేస్తాడు. ఆమె ఇంట్లో మిషను కుడుతుంది. ఇద్దరిదీ కలిపి నెలకు 28,000. గృహలక్ష్మి 2,000. మొత్తం 30,000 రూపాయలు.

ఇంటి అద్దె 6,000. బియ్యం, బేళ్లు, నూనె, పాలు, కూరగాయలు 7,500. పిల్లల చదువు 3,000. గ్యాసు, తాగునీళ్లు 1,200. పెట్రోలు 1,500. ఫోన్ల రీచార్జి, టీవీ 1,000. బైకు కంతు 2,400. కొత్త ఫోను కంతు 1,800. పోయిన ఏడాది కూతురి ఫంక్షన్‌కు తెచ్చిన లక్ష రూపాయలకు రెండు రూపాయల వడ్డీ, 2,000. పెళ్లిళ్లు, పేరంటాల చదివింపులు, రానుపోను ఛార్జీలు ఇంకో 2,000. ఇంతవరకు 28,400.

ఇక సంబరం ఖాతా. సినిమా 500. బజ్జీలు 400. పూలు 150. పేపరు 200. అన్నీ కలిపితే 1,250. చేతిలో మిగిలేది 350. పెద్దాయన బీపీ మాత్రలు ఇంకా రాయనే లేదు.

ఇప్పుడు రెండు కుప్పలు పక్కపక్కన పెట్టి చూడండి. కంతులు, వడ్డీ, చదివింపులు కలిస్తే 8,200. బైకు పనికి పోవడానికే అనుకుని దాన్ని తీసేసినా 5,800. సంబరం ఖాతాకు ఇది నాలుగు రెట్ల పైమాటే. అయినా ఇంట్లో గొడవ జరిగేది ఆ 1,250 గురించి. మూర పూలు మానేస్తే ఇల్లు బాగుపడుతుందా? నెలకు మిగిలేది 150. అదే వడ్డీలో సగం తగ్గితే 1,000.

గృహలక్ష్మి వచ్చిన దారినే..

పై లెక్కలో ఒక సంగతి గమనించే ఉంటారు. ఇంటి యజమానురాలికి నెలకు 2,000 రూపాయలిచ్చే గృహలక్ష్మి పథకాన్ని కర్ణాటక ప్రభుత్వం 2023 ఆగస్టులో మొదలుపెట్టింది. లక్ష రూపాయలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు సరిగ్గా అంతే. అంటే ఒక్క పూట ఫంక్షన్‌కు తెచ్చిన అప్పు ఆ డబ్బులన్నీ మింగేస్తోంది. ఇంకో తిరకాసు కూడా ఉంది. గృహలక్ష్మి దుడ్లు రెండు మూడు నెలలవి కలిపి ఆలస్యంగా పడిన సందర్భాలున్నాయి. వడ్డీ ఇచ్చినాయన మాత్రం ఒక్క నెల కూడా ఆగడు.

‘రెండు రూపాయలే కదా’ అంటాం. ఆ మాట చెవికి చిన్నగా వినపడుతుంది. ఏడాదికి 24 శాతం అని చెప్పి చూడండి. మూడు రూపాయలైతే 36 శాతం. రెండు రూపాయల లెక్కన 50 నెలలు వడ్డీ కడితే కట్టిందే లక్ష అవుతుంది. అసలు లక్ష అలాగే కూర్చుని ఉంటుంది. పాప పెద్దదై ఆ ఫంక్షన్ ఫొటోలు మరిచిపోయినా అప్పు మరిచిపోదు.

మరి దారేంటి? ఇంట్లో బంగారం ఉంటే దాన్ని బీరువాలో పెట్టుకుని బయట రెండు రూపాయల వడ్డీ కట్టడం తెలివైన పని కాదు. బ్యాంకులో ఏడాదికి 10 శాతం మీద బంగారు రుణం దొరికిందనుకోండి. లక్షకు నెల వడ్డీ 833 రూపాయలు. నెలకు 1,167 మిగులుతుంది. మన సంబరం ఖాతా దాదాపు మొత్తం అందులోనే వచ్చేస్తుంది. అయితే ఒక షరతు. మిగిలిన దుడ్లు అసలులో వేయాలి. గడువు దాటనివ్వకూడదు. లేకుంటే నగ వేలానికి పోతుంది.

వారం వారం కట్టే సంఘాల అప్పుల సంగతి సరిహద్దు పల్లెలకు వేరే చెప్పాల్సిన పని లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2010లో సూక్ష్మరుణాల గొడవ చెలరేగి చట్టం వచ్చింది. కర్ణాటకలో బలవంతపు వసూళ్లను అడ్డుకోవడానికి 2025 ఫిబ్రవరిలో ఆర్డినెన్స్ తెచ్చారు. పదేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా అన్నారు. మంచిదే. కానీ చట్టం దౌర్జన్యాన్ని ఆపగలదు. ఒక సంఘం కంతు కట్టడానికి ఇంకో సంఘంలో అప్పు తీసుకునే అలవాటును ఆపలేదు. ఆ ఇల్లు నెల సంపాదనలో అన్ని అప్పుల కంతులూ కలిపి సగం దాటకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్ నుంచి సూక్ష్మరుణాలకు నిబంధన పెట్టింది. సగం అనేది కూడా చాలా ఎక్కువే. నన్నడిగితే నాలుగో వంతు దాటిన రోజే ఆ ఇంట్లో నవ్వు తగ్గుతుంది.

గనులు ఆగినా గొప్పలు ఆగలేదు

అప్పు ఎక్కడి నుంచి మొదలవుతోంది? తిండి కోసం అప్పు చేసే ఇళ్లున్నాయి. జబ్బుకు చేసేవాళ్లున్నారు. వాళ్లకు పొదుపు పాఠాలు చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఈ మాటలు మిగతా వాళ్లకు. అంటే ఫంక్షన్లకు అప్పు చేసేవాళ్లకు.

బళ్లారి జిల్లాలో ఇనుప గనుల దుడ్లు పొంగిన కాలం ఒకటుంది. 2000 దశకంలో చూశాం. అప్పుడే ఇంటి ముందు పందిరి పోయి కల్యాణ మంటపాలొచ్చాయి. మూడు కూరల భోజనం ముప్పై రకాలైంది. 2011 జూలైలో సుప్రీంకోర్టు జిల్లాలో గనుల తవ్వకాన్ని నిలిపేసింది. తర్వాత కట్టుబాట్లతో తవ్వకం మళ్లీ మొదలైనా ఆ పాత పొంగు రాలేదు. ఫంక్షన్ల పొంగు మాత్రం తగ్గలేదు. 2016 నవంబరులో నోట్ల రద్దుతో జనం బ్యాంకుల ముందు క్యూలు కట్టిన రోజుల్లోనే బళ్లారి గనుల కుటుంబం ఒకటి బెంగళూరులో చేసిన పెళ్లిని దేశమంతా టీవీల్లో చూసింది. పెద్దింటోళ్లు ఏం చేస్తే చిన్నింటోళ్లకు అదే కొలబద్ద. వాళ్లు ఉండి చేశారు. మనం వడ్డీకి తెచ్చి చేస్తున్నాం. తేడా అంతే.

సరిహద్దు తెలుగువాళ్లకు ఇందులో రెట్టింపు బరువు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరులోకి వచ్చింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు వెళ్లాయి. గీత భూమి మీద పడింది గానీ చుట్టరికాల మీద పడలేదు. అందుకే మన ఇంటికి రెండు రాష్ట్రాల నుంచీ పత్రికలొస్తాయి. అటు గుంతకల్లులో గృహప్రవేశం. ఇటు కురుగోడులో నామకరణం. తెలుగువాళ్లింట్లో చదివింపులు. పక్కింటి కన్నడవాళ్లింట్లో ముయ్యి. పేర్లు రెండు, పని ఒకటే. వాళ్లు మనకు 500 పెట్టారు కాబట్టి మనం 1,000 పెట్టాలి. రేపు వాళ్లు 2,000 పెట్టాలి. ఎవరూ గెలవని పందెం ఇది.

ఇంకో వింత చూడండి. జాకెట్టు గుడ్డలు. ఒక ఇంట్లో పెట్టిన గుడ్డ కుట్టించుకోకుండానే ఆరిళ్లు తిరిగి మళ్లీ మన ఇంటికే వస్తుంది. స్టీలు గిన్నెలు, ప్లాస్టిక్ డబ్బాల కథ కూడా ఇంతే. ఇచ్చినవాళ్లకు ఖర్చు. పుచ్చుకున్నవాళ్లకు అటక మీద బరువు.

‘మానేస్తే నలుగురూ ఏమనుకుంటారు?’ అన్నది అసలు భయం. ఆ భయం తప్పు కాదు. లేనివాడు ముందుగా మానేస్తే పిసినారి అంటారు. ఉన్నవాడు మానేస్తే ఆదర్శం అంటారు. కాబట్టి మొదలుపెట్టాల్సింది ఉన్నవాళ్లే. ప్రతి వంశంలో నలుగురు మాట వినే పెద్దమనిషి ఒకరుంటారు. ఆయనో, ఆమో నోరు తెరిచి ‘మన ఇళ్లల్లో ఇకమీద చదివింపు ఇంత దాటకూడదు, ఎదురు బహుమతులు వద్దు, భోజనం మాత్రం కడుపునిండా’ అంటే చాలు. ఆ ఒక్క మాట పది ఇళ్ల వడ్డీని ఆపుతుంది.

కంతుల మాయ

వడ్డీ లేని కంతులంటూ బోర్డులు పెట్టి ఫోన్లు, టీవీలు అమ్ముతుంటారు. సున్నా వడ్డీ అనేదే లేదని, అలాంటి పథకాలు వద్దని రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు చెప్పింది. పేరు మార్చుకుని అదే మళ్లీ వచ్చింది. వడ్డీ ఎక్కడో ఒకచోట ఉంటుంది. రొక్కానికి ఇచ్చే తగ్గింపు మనకు ఇవ్వకపోవడంలో ఉంటుంది. లేదా ప్రాసెసింగ్ ఫీజులో ఉంటుంది. కొనేముందు అంగడాయన్ను ఒక్క ప్రశ్న అడగండి. ‘దుడ్లు ఇప్పుడే ఎంచితే ఎంతకిస్తావన్నా?’ ఆయన చెప్పే ధరకూ కంతుల మొత్తానికీ ఉన్న తేడానే మీ వడ్డీ.

వంటింట్లో, మీటరులో..

తిండి తగ్గించమని ఎవరూ చెప్పకూడదు. తీరు మార్చుకోవచ్చు. మన ప్రాంతానికి జొన్నరొట్టె కొత్త కాదు. దాని పక్కన చెనక్కాయల పొడి, గురెళ్ల పొడి, వంకాయ కూర ఉంటే పండగే. రేషన్ బియ్యాన్ని అగ్గువకు అమ్మేసి అంగట్లో సన్నబియ్యం కొనడం చాలా ఇళ్లల్లో ఉంది. అది చట్టం ఒప్పుకోదు, లెక్కలోనూ నష్టమే. అన్నానికి సన్నబియ్యం వాడుకున్నా ఇడ్లీకి, దోసెకు, చిత్రాన్నానికి ఆ బియ్యానికేం తక్కువ?

కరెంటు సంగతి. గృహజ్యోతి కింద మీ పాత వాడకాన్ని బట్టి మీ ఇంటికి ఇన్ని యూనిట్లని కేటాయించారు. అది దాటితే పైవాటికి బిల్లు. నెలకు 200 యూనిట్లు దాటితే మొత్తానికీ బిల్లు. బళ్లారి ఎండల్లో ఏప్రిల్, మే నెలల్లో చాలామంది తప్పేది ఇక్కడే. పాతరకం ఫ్యాను 75 వాట్లు. రోజుకు 15 గంటలు తిరిగితే నెలకు 34 యూనిట్లు దాకా తాగుతుంది. కొత్తగా వచ్చిన బీఎల్‌డీసీ ఫ్యాన్లు 30 వాట్లకు అటూఇటూ ఉంటాయి. అదే వాడకానికి 14 యూనిట్లు సరిపోతాయి. రెండు ఫ్యాన్లు మారిస్తే 40 యూనిట్లు మిగులు. ఫ్యాను కింద పడుకునే సుఖం ఏమాత్రం తగ్గదు. ఖర్చు తగ్గించడమంటే ఇలా ఉండాలి.

పెట్రోలు గురించి ఒక ముక్క. ఆంధ్రప్రదేశ్ కంటే కర్ణాటకలో లీటరుకు కొన్ని రూపాయలు తక్కువ. అటునుంచి చుట్టాలొస్తే ఇక్కడి బంకులో ట్యాంకు నింపుకుని వెళ్తారు. దారిలో పని ఉండి వస్తే లాభమే. పనిగట్టుకుని వస్తే మాత్రం లెక్క తేలదు. రానుపోను 20 కిలోమీటర్లకు బైకు 400 మిల్లీలీటర్లు తాగుతుంది. అంటే 40 రూపాయలు. లీటరుకు 6 రూపాయలు కలిసొచ్చిందనుకున్నా 8 లీటర్లకు మిగిలేది 48. నికర లాభం 8 రూపాయలు. దారిలో టీ తాగితే అదీ పాయె.

మాత్రల ఖర్చు నెలనెలా ఉండే ఇళ్లు జన ఔషధి అంగళ్లు చూడాలి. బీపీ, షుగర్ మందులు అక్కడ చాలావరకు సగం ధరలోపే దొరుకుతాయి. అదే మందు అవునో కాదో డాక్టరును ఒకసారి అడిగి వాడుకోవాలి.

జూన్ ఖర్చు జూన్‌లో పుట్టదు

స్కూలు ఫీజులు జూన్‌లో వస్తాయని పోయిన జూన్‌లోనే తెలుసు. దసరా, దీపావళి ఏటా వస్తాయి. అయినా ప్రతిసారీ కొత్తగా వచ్చినట్టు కంగారుపడి అప్పుకు పరిగెత్తుతాం. ఇలాంటి ఏడాది ఖర్చులన్నీ ఒక కాగితం మీద రాసి 12తో భాగించండి. 24,000 వస్తే నెలకు 2,000 విడిగా దాచాలి. పోస్టాఫీసు ఆర్డీ అయినా, బ్యాంకు ఆర్డీ అయినా సరే. చీటీ వేయాలనుకుంటే రిజిస్టరైనదేనా అని చూసుకోవాలి. సొంతిల్లున్నవాళ్లకు ఇంకో మాట. ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కడితే పురపాలక సంస్థలు 5 శాతం తగ్గిస్తాయి. ముందే దాచినవాడికి తగ్గింపు, దాచనివాడికి జరిమానా. లోకం తీరే అది.

సంబరానికి దుడ్లు చాలా అక్కర్లేదు

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఖర్చు తగ్గించేది దేనికి? బతుకు బాగుండడానికే కదా. మరి బాగుండడానికి మన చుట్టూ ఏముందో చూశామా?

హంపి మనకు గంటన్నర దూరం. 1986 నుంచి ప్రపంచ వారసత్వ జాబితాలో ఉన్న చోటు. ఎక్కడెక్కడి వాళ్లో లక్షలు పోసి వచ్చి చూస్తారు. మన పిల్లలు పాఠ్యపుస్తకంలో చూస్తారు. శక్తి పథకం 2023 జూన్ నుంచి ఉంది కాబట్టి కర్ణాటక ఆధార్ ఉన్న అమ్మకు, అమ్మాయికి మామూలు బస్సుల్లో ఛార్జీ లేదు. నాన్నకు, అబ్బాయికి టిక్కెట్టు కొంటే చాలు. విఠల దేవాలయం, కమలమహల్ చూడ్డానికి తలకు 40 రూపాయలు. 15 ఏళ్లలోపు పిల్లలకు అదీ లేదు. జొన్నరొట్టెలు, పెరుగన్నం కట్టుకుని పోతే ఐదు వందల లోపు ఒక రోజంతా పండగ. ఒక్క చిక్కు. ఆంధ్రా ఆధార్ ఉన్న వదినగారు వెంట వస్తే ఆమెకు మాత్రం టిక్కెట్టు. మనం అటు వెళ్తే మనకు టిక్కెట్టు. అక్కడ 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీశక్తి ఆ రాష్ట్రం ఆడవాళ్లకే. చుట్టరికానికి గీత లేదు గానీ ఉచితానికి ఉంది!

బస్సు ఉచితమయ్యాక ఆడవాళ్లు ఊరికే తిరుగుతున్నారని వెటకారం చేసేవాళ్లున్నారు. తిరగనివ్వండి. పుట్టింటికి ఏడాదికోసారి వెళ్లే ఆమె ఇప్పుడు నాలుగుసార్లు వెళ్లి అమ్మను చూసొస్తోంది. దుడ్లు ఖర్చు కాకుండా ఇంతకంటే పెద్ద సంబరం ఏముంటుంది?

ఎళ్ల అమావాస్యకు చేనులో కూర్చుని నలుగురూ కలిసి తినే ముద్దకు హోటల్లో ఎంత బిల్లు వేసినా ఆ రుచి రాదు. పీర్ల పండుగకు, కనకదుర్గమ్మ సిడిబండికి టిక్కెట్టు లేదు. మహానటుడు బళ్లారి రాఘవ పేరు మీద రాఘవ కళామందిర్ ఉన్న ఊరు మనది. అక్కడ నాటకం పడినప్పుడు పిల్లలను తీసుకెళ్తే సంబరానికి సంబరం, తెలుగుకు తెలుగు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. కట్టిన దుడ్లకైనా ఒకసారి లైబ్రరీ మెట్లెక్కితే తప్పేముంది?

సినిమా మానక్కర్లేదు. సరిహద్దులో ఉన్నవాళ్లకు తెలుగు సినిమా అంటే రెండున్నర గంటలు మన మాట వినడం. నెలకొకటి చూడండి. తినుబండారాల బిల్లు టిక్కెట్టును దాటకుండా చూసుకోండి, చాలు.

లెక్కలో రాయనిది

ఒక్క మాట చేదుగా ఉన్నా చెప్పక తప్పదు. ఇంటి లెక్కలో పూలకు 150 అని రాస్తాం. బజ్జీలకు 400 అని రాస్తాం. ఇంటాయన గుట్కా, సిగరెట్టు, వారానికి రెండు క్వార్టర్లు ఏ పద్దులోనూ కనపడవు. అది ‘జేబు ఖర్చు’. ఆమెది దుబారా, ఆయనది జేబు ఖర్చు! ఖర్చు తగ్గించాలన్న మాట చాలా ఇళ్లల్లో నిలబడకపోవడానికి అసలు కారణం ఇదే. లెక్క సగమే రాస్తే కోత కూడా సగం మంది మీదే పడుతుంది. ఆ సగం మంది ఎప్పుడూ ఆడవాళ్లు, ముసలివాళ్లు, పిల్లలే.

అందుకే నెలకోసారి భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చుని మొత్తం లెక్క రాయాలి. అప్పు ఎవరి దగ్గర, ఎంతకు తెచ్చారో ఇద్దరికీ తెలియాలి. వడ్డీ ఎక్కువున్న అప్పు ముందు తీర్చాలి. సంబరం ఖాతాకు ఇంత అని మొదటి తారీఖునే పక్కన పెట్టాలి. మిగిలితే చూద్దాం అనుకుంటే అది ఎప్పటికీ మిగలదు.

అప్పు చేసి పప్పుకూడు తినొద్దన్నారు పెద్దలు. పప్పుకూడే తినొద్దని మాత్రం అనలేదు. వాళ్లు చెప్పింది అప్పు గురించి. మనం పొరపాటున పప్పు మానేసి అప్పు ఉంచుకున్నాం. ఈ నెల మొదటి తారీఖు నుంచి దాన్ని తిరగేద్దాం.